గల్ఫ్‌లో మొదటి ఉద్యోగం: దుబాయ్, సౌదీ, ఖతార్, కువైట్, ఒమాన్‌లలో ఎవరికి ఏది నప్పుతుంది?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ కుర్రాళ్ళు గల్ఫ్ అనగానే దుబాయ్ వైపో సౌదీ వైపో చూస్తారు. రాజంపేట, రాయచోటి, కోనసీమ వాళ్ళకు కువైట్ ముందు గుర్తొస్తుంది. బావో చిన్నాన్నో ముందే అక్కడ ఉండడమే చాలామందికి అసలు కారణం. దిగిన రోజు ఎయిర్‌పోర్టుకు వచ్చే మనిషి ఉండడం చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. కానీ జీవితంలో మొదటి ఉద్యోగానికి వెళ్తున్నవాళ్ళు అయిదు దేశాల్నీ పక్కపక్కన పెట్టి చూసుకోకుండా, చుట్టం ఉన్నచోటికే టికెట్ తీసుకోవడం చూస్తే బాధగా ఉంటుంది. ఎండ అంతటా ఉంటుంది కానీ చట్టాలు ఏ దేశానివి ఆ దేశానివే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దీనార్ రేటు చూసి దేశం ఎంచుకోకండి. మొదటి కంపెనీ ఎలాంటిదో ఇక్కడ కూర్చుని పూర్తిగా తెలుసుకోవడం ఎవరి తరమూ కాదు. అది బాగోలేకపోతే అక్కడే ఇంకో కంపెనీకి మారే దారి ఏ దేశంలో తేలికగా ఉందో చూడండి. అప్పు చేయకుండా ఏ దేశానికి వెళ్ళగలరో చూడండి. ఈ రెండింటి తర్వాతే మిగతావన్నీ.

## ముందు ఏమేం చూసుకోవాలి

కంపెనీ మారే వీలు. గల్ఫ్‌లో మీ వీసా, అఖామా (అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి కార్డు) మీ యజమాని పేరుతో ముడిపడి ఉంటాయి. ఆ యజమానే కఫీల్. పాత పద్ధతిలో కఫీల్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) ఇస్తే తప్ప వేరే చోట చేరే వీలుండేది కాదు, కొన్ని దేశాల్లో ఇంటికి రావడానికి కూడా ఆయన సంతకం కావాల్సి వచ్చేది. 2020 తర్వాత చాలా మారింది. అయితే అన్ని దేశాల్లో ఒకేలా మారలేదు, అన్ని రకాల పనులకూ మారలేదు. జీతం ఇవ్వట్లేదని చెప్పాపెట్టకుండా పని వదిలేసి బయటికొస్తే యజమాని పరారీ కేసు పెడతాడు. సౌదీలో దీన్నే హురూబ్ అంటారు. ఆ తర్వాత కాగితాలు లేకుండా దొరికిన పని చేసుకుంటూ తిరిగే ఖల్లివెల్లి బతుకే మిగులుతుంది. అలా ఏళ్ళ తరబడి ఇరుక్కుని, చివరికి క్షమాభిక్ష ప్రకటించినప్పుడు తిరిగొచ్చినవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది లేరు! అందుకే ఈ అంశాన్ని అన్నిటికన్నా పైన పెడుతున్నాను.

బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం) ఎంత. ఆఫర్ లెటర్‌లో అందరి చూపూ మొత్తం జీతం మీదే పడుతుంది. ఒక లెక్క చూడండి. దుబాయ్‌లో ఇద్దరు ఎలక్ట్రీషియన్లకు నెలకు 2,400 దిర్హాంలే వస్తాయనుకుందాం. ఒకరి కాగితంలో బేసిక్ 1,000, మిగతా 1,400 అలవెన్సులు. రెండోవారికి బేసిక్ 1,600, అలవెన్సులు 800. యూఏఈ చట్టం ప్రకారం ఓవర్‌టైమ్‌కు బేసిక్ మీద గంట రేటు కట్టి 25 శాతం కలుపుతారు. రోజుకు రెండు గంటల ఓటీతో నెలకు 26 రోజులు పనిచేస్తే మొదటివారికి సుమారు 271 దిర్హాంలు, రెండోవారికి 433 వస్తాయి. నాలుగేళ్ళ తర్వాత మానేసి వస్తుంటే గ్రాట్యుటీ మొదటివారికి 2,800, రెండోవారికి 4,480. చేసిన పని ఒకటే, చేసిన గంటలూ అవే. నాలుగేళ్ళలో ఇద్దరి మధ్యా తేడా తొమ్మిది వేల దిర్హాంలు దాటింది. ఏజెంటు ఫోన్లో మొత్తం జీతమే చెప్తాడు. బేసిక్ ఎంతో మీరే అడగాలి, కాగితం మీద చూడాలి.

నెలాఖరుకు చేతిలో మిగిలేది. ఈ అయిదు దేశాల్లోనూ ఇప్పుడు జీతం మీద ఆదాయపు పన్ను లేదు. కాబట్టి మీ మిగులును తేల్చేది అద్దె, తిండి, అప్పు మీద వడ్డీ. కంపెనీ గది, కంపెనీ బస్సు ఉంటే సగం బరువు దిగినట్టే. వడ్డీ సంగతి మాత్రం బయల్దేరకముందే కూర్చుని లెక్క కట్టుకోవాలి. లక్షన్నర అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 4,500 రూపాయలు. దిర్హాం 23 రూపాయలనుకుంటే దాదాపు 200 దిర్హాంలు అసలు ముట్టకుండానే పోతాయి. 1,200 దిర్హాంల జీతగాడికి ఇది ఆరో వంతు. అప్పుతో వెళ్ళినవాడు చెడ్డ కంపెనీలో కూడా నోరెత్తలేడు, అప్పు తీరేదాకా ఎక్కడికీ కదల్లేడు. కంపెనీ మారమని చట్టం చెప్పినా ఆ ధైర్యం చేయలేడు.

ఎండ. రామగుండం, రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం, గల్ఫ్ ఎండ మనకో లెక్కా అనుకుంటారు. మన దగ్గర ఏప్రిల్, మే గడిస్తే తొలకరి పడుతుంది. అక్కడ మే నుంచి సెప్టెంబర్ దాకా విరామం ఉండదు, రాత్రిళ్ళు కూడా చల్లబడదు. కువైట్‌లోని మిత్రిబా దగ్గర 2016 జూలై 21న నమోదైన 53.9 డిగ్రీలను ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ఖాయం చేసింది. అయితే అంకె ఒక్కటే చూస్తే సరిపోదు. రియాద్ సముద్రానికి దూరంగా, దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడిది పొడి ఎండ, చెమట పట్టగానే ఆరిపోతుంది, నీడలోకి వెళ్తే ప్రాణం కుదుటపడుతుంది. దుబాయ్, దోహా, దమ్మామ్ సముద్రం ఒడ్డున ఉంటాయి. ఆగస్టులో ఏసీ గది తలుపు తీసి బయటికి అడుగుపెడితే కళ్ళద్దాలు మసకబారి దారి కనిపించదు. చెమట ఆరదు కాబట్టి ఒళ్ళు చల్లబడదు. ఉష్ణోగ్రత తక్కువ చూపించినా బయట పనిచేసేవాళ్ళకు ఈ ఉక్కపోత వల్లే ఎక్కువ ప్రమాదం. పాత ఇళ్ళలో డాబా మీద ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. అందుకని వేసవిలో గీజర్ స్విచ్ ఆపేసి, నీడలో ఉండే ఆ గీజర్ నీళ్ళనే చల్లనీళ్ళుగా వాడుకుంటారు.

ఆఫీసు ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు ఎండ గురించి అంత దిగులు పడక్కర్లేదు. సైటు పని, డెలివరీ బైకు, పైపులైను పని అయితే మాత్రం పని ఆపే గంటలు ఆ దేశంలో ఎన్ని ఉన్నాయో చూసుకోవాలి.

## అయిదు దేశాలు పక్కపక్కన

| దేశం | డబ్బు విలువ | కంపెనీ మారడం | మానేసేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ | ఎండలో పని నిషేధం |
|---|---|---|---|---|
| యూఏఈ | డాలర్‌కు 3.6725 దిర్హాంలు, స్థిరం | నోటీసు ఇచ్చి మారవచ్చు | మొదటి అయిదేళ్ళు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన 30 రోజులు | జూన్ 15 – సెప్టెంబర్ 15, మధ్యాహ్నం 12:30 – 3:00 |
| సౌదీ | డాలర్‌కు 3.75 రియాళ్ళు, స్థిరం | ఏడాది నిండాక కఫీల్ అనుమతి అక్కర్లేదు, ఇంటి పనివాళ్ళకు వర్తించదు | మొదటి అయిదేళ్ళు ఏడాదికి సగం నెల జీతం, ఆపైన నెల జీతం | జూన్ 15 – సెప్టెంబర్ 15, 12:00 – 3:00 |
| ఖతార్ | డాలర్‌కు 3.64 రియాళ్ళు, స్థిరం | నోటీసు ఇచ్చి మారవచ్చు | ఏడాదికి కనీసం మూడు వారాల బేసిక్ | జూన్ 1 – సెప్టెంబర్ 15, ఉదయం 10:00 – మధ్యాహ్నం 3:30 |
| కువైట్ | దీనార్‌కు 3 డాలర్ల పైన | యజమాని ఒప్పుకోకపోతే సాధారణంగా మూడేళ్ళు ఆగాలి | మొదటి అయిదేళ్ళు ఏడాదికి 15 రోజులు, ఆపైన నెల జీతం | జూన్ 1 – ఆగస్టు 31, ఉదయం 11:00 – సాయంత్రం 4:00 |
| ఒమాన్ | రియాల్‌కు సుమారు 2.60 డాలర్లు | ఒప్పందం గడువు తీరాక ఎన్‌ఓసీ లేకుండా మారవచ్చు | 2023 చట్టం ప్రకారం ఏడాదికి నెల బేసిక్ | జూన్ – ఆగస్టు, 12:30 – 3:30 |

గ్రాట్యుటీ గడిలో కనిపించని సంగతి ఒకటుంది. మీరే రాజీనామా చేస్తే సౌదీలో రెండేళ్ళ లోపు ఏమీ రాదు, రెండు నుంచి అయిదేళ్ళ మధ్య మూడో వంతే వస్తుంది. కువైట్‌లో మూడేళ్ళ లోపు మానేస్తే ఏమీ రాదు, అయిదేళ్ళ లోపైతే సగం. యూఏఈలో 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఈ కోతను తీసేసింది. ఏడాది నిండితే రాజీనామా చేసినా పూర్తి లెక్కే. మొదటి ఉద్యోగంలో రెండు మూడేళ్ళకు మించి ఉండని కుర్రాళ్ళకు ఇది అసలైన తేడా.

## యూఏఈ: మారడానికి తేలిక, మిగల్చడానికి కష్టం

డిగ్రీ చదివి ఆఫీసు పని, సేల్స్, హోటల్, లాజిస్టిక్స్, ఐటీ వైపు చూసేవాళ్ళకు నా మొదటి ఓటు యూఏఈకే. చిన్నాపెద్దా కంపెనీలు అన్ని ఉన్న చోటు గల్ఫ్‌లో మరొకటి లేదు. ఇంగ్లిష్, హిందీ వస్తే బండి నడుస్తుంది. ప్రొబేషన్ ఆరు నెలలు దాటకూడదు. ప్రొబేషన్‌లో ఉండగానే అక్కడి వేరే కంపెనీకి మారాలన్నా నెల రోజుల నోటీసు ఇచ్చి మారవచ్చు. మిమ్మల్ని తెచ్చుకోవడానికి పాత కంపెనీ పెట్టిన ఖర్చును కొత్త కంపెనీ భరించాలి. ఉద్యోగం పోతే ఆదుకునే బీమా 2023 నుంచి తప్పనిసరి చేశారు. బేసిక్ 16,000 దిర్హాంల లోపు ఉన్నవాళ్ళకు నెలకు 5 దిర్హాంలే. ఏడాది కట్టాక మీ తప్పు లేకుండా ఉద్యోగం పోతే మూడు నెలల దాకా బేసిక్‌లో 60 శాతం ఇస్తారు. ఐదు దిర్హాంలే కదా అని వదిలేసి జరిమానా కట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. చేరిన వారంలోనే తీసుకోండి.

ఉద్యోగం చేతిలో లేకుండా వెళ్ళి వెతుక్కోవాలనుకునే డిగ్రీవాళ్ళకు 60, 90, 120 రోజుల జాబ్ సీకర్ వీసా ఉంది. నైపుణ్య స్థాయి, చదివిన యూనివర్సిటీ వంటి షరతులు ఉంటాయి కాబట్టి ముందు అర్హత చూసుకోండి. విజిట్ వీసా మీద వెళ్ళి ఇంటర్వ్యూలు ఇవ్వడం అక్కడ మామూలే కానీ, వర్క్ పర్మిట్ రాకుండా ఒక్క రోజు పనిచేసినా నేరమే. "ముందు చేరిపో, వీసా తర్వాత మారుద్దాం" అనే యజమాని దగ్గర చేరకండి.

ఇక అద్దె. కంపెనీ గది ఇవ్వకపోతే కొత్తగా వెళ్ళినవాళ్ళకు దిక్కు బెడ్‌స్పేసే. కరామా, సత్వా, దేరా గదుల్లో రెండంతస్తుల మంచాలు, మంచానికో తెర, ఫ్రిజ్‌లో అరకో పేరు, ఉదయం బాత్రూమ్‌కు వరస. అద్దె తక్కువని షార్జాలోని రోలా, అల్ నహ్దాల్లో ఉంటే రోజూ రెండు మూడు గంటలు ట్రాఫిక్‌లోనే పోతాయి. డ్యూటీ దుబాయ్‌లో అయితే, మెట్రో స్టేషన్‌కు నడిచిపోయే దూరంలో ఉన్న బెడ్‌స్పేస్‌కు కొంచెం ఎక్కువ పెట్టినా మంచిదే. ఇంకో ముఖ్యమైన మాట: ఆరు నెలలు తిరగకముందే బ్యాంకులు క్రెడిట్ కార్డు, పర్సనల్ లోన్ అంటూ ఫోన్లు మొదలుపెడతాయి. బాకీ పడితే దేశం దాటకుండా ట్రావెల్ బ్యాన్ పడొచ్చు. మొదటి రెండేళ్ళూ ఆ కార్డు జోలికి పోకండి.

## సౌదీ: పని ఎక్కువ, మిగులు ఎక్కువ, కుటుంబానికి బరువు

చేతిపని తెలిసిన ఐటీఐ కుర్రాళ్ళకు సౌదీ మంచి మార్కెట్టు. రియాద్‌లో 2030 ఎక్స్‌పో, 2034లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఉన్నాయి. కొన్ని మెగా ప్రాజెక్టులు నెమ్మదించిన మాట నిజమే కానీ, రోడ్లు, ఇళ్ళు, ఆస్పత్రులు, ఏసీ నిర్వహణ పనులు ఆగేవి కావు. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్, ఏసీ టెక్నీషియన్ వంటి పనులకు వీసాకు ముందే మన దేశంలో నైపుణ్య పరీక్ష పాసవ్వాలి. చాలామంది దీన్ని అడ్డంకి అనుకుంటారు. నాకైతే మేలు అనిపిస్తుంది. ఎలక్ట్రీషియన్ అని చెప్పి తీసుకెళ్ళి హెల్పర్ పనిలో పెట్టే మోసానికి ఇది కొంతైనా కళ్ళెం వేస్తుంది.

2021 మార్చి 14 నుంచి, ఒక యజమాని దగ్గర ఏడాది పూర్తయితే ఆయన అనుమతి లేకుండానే అక్కడి ప్రభుత్వ సైటు కివా పోర్టల్ ద్వారా మారే వీలొచ్చింది. మూడు నెలలు జీతం ఇవ్వకపోయినా, అఖామా గడువు తీరినా ఆ ఏడాది కూడా ఆగక్కర్లేదు. కానీ ఇంటి డ్రైవర్లు, ఇంటి పనివాళ్ళు, తోటమాలులు, గొర్రెల కాపరులకు ఈ సంస్కరణ వర్తించదు. మన వాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేదీ ఆ పనుల్లోనే. తోట పని అని చెప్పి ఎడారి మధ్యలో ఒంటెలు కాయించిన కథలు తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. కాబట్టి సౌదీ అంటే కంపెనీ వీసా అయితేనే వెళ్ళండి. వీసా కాగితంలో వృత్తి పేరు అరబిక్‌లో ఉంటుంది, చదవగలిగిన వాళ్ళ చేత చదివించుకోండి.

క్యాంపు, మెస్ కంపెనీవే అయితే ఖర్చు పెట్టడానికి దారులు తక్కువ, డబ్బు మిగులుతుంది. వ్యాట్ మాత్రం 15 శాతం. భార్యాపిల్లల్ని తీసుకెళ్ళాలంటే తలకు నెలకు 400 రియాళ్ళ సుంకం కట్టాలి. భార్య, ఒక పాప ఉంటే ఏడాదికి 9,600 రియాళ్ళు. పెళ్ళై వెంటనే కాపురం పెట్టాలనుకునేవాళ్ళకు ఇది పెద్ద దెబ్బ. ఒంటరిగా వెళ్ళి మూడేళ్ళు కష్టపడి వచ్చేద్దాం అనుకునేవాళ్ళకు పట్టింపు లేదు. అకౌంటింగ్, ఇంజనీరింగ్, ఫార్మసీ వంటి వృత్తుల్లో స్థానికులకు కోటాలు పెరుగుతున్నాయి. అనుభవం లేని డిగ్రీ కుర్రాడికి ఇక్కడ తలుపులు ఇరుకే.

## ఖతార్: చిన్న మార్కెట్టు, కాగితాలు శుభ్రంగా ఉంటాయి

2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ముందు కార్మికుల హక్కుల మీద జరిగిన గొడవ వల్ల కొంత మేలే జరిగింది. 2020లో ఎన్‌ఓసీ నిబంధన తీసేశారు. 2021 మార్చి నుంచి కనీస జీతం 1,000 రియాళ్ళు. కంపెనీ గది ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 అదనంగా ఇవ్వాలి. ఎండలో పని నిషేధం పైపట్టికలో చూశారు కదా, రోజుకు అయిదున్నర గంటలు. గంటలతో పని లేకుండా, ఎండా తేమా కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే పని ఆపాలని కూడా నియమం ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది హైదరాబాద్‌లో ఉన్న ఖతార్ వీసా సెంటర్. మెడికల్, వేలిముద్రలు, ఒప్పందం మీద సంతకం, అన్నీ విమానం ఎక్కకముందే ఇక్కడే. దోహాలో దిగాక వేరే కాగితం పెట్టి తక్కువ జీతానికి సంతకం చేయించుకునే మోసానికి ఇది గట్టి అడ్డు. లోటు ఏమిటంటే స్టేడియాలు, మెట్రో కట్టడం అయిపోయాక నిర్మాణ పనులు తగ్గాయి. గ్యాస్, ఆ చుట్టూ ఉన్న నిర్వహణ పనుల్లో అవకాశాలున్నాయి కానీ వాటికి అనుభవం కావాలి. ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి దోహా తప్ప ఇంకో ఊరు లేదు.

## కువైట్: దీనార్ చూసి మోసపోకండి

ఒక దీనార్ మూడు డాలర్లకు పైగా పలుకుతుంది కాబట్టి జీతం గొప్పగా వినిపిస్తుంది. 80 దీనార్ల జీతమన్నా రూపాయల్లోకి మారిస్తే దుబాయ్‌లో 950 దిర్హాంల జీతానికి అటూ ఇటూ. నోటు విలువతో పని లేదు, నెలకు ఎన్ని రూపాయలు పంపగలరో చూడండి.

కువైట్ విషయంలో మొదట తేల్చుకోవలసింది వీసా నంబరు. 18 నంబరు అంటే కంపెనీ వీసా, 20 అంటే ఇంటి పని వీసా, మనవాళ్ళు ఖాదిం వీసా అంటారు. ఖాదిం వీసా మీద వెళ్ళి బయట షాపులో పనిచేస్తే దొరికిన రోజు తిరుగు విమానమే. 18 మీద ఉన్నవాళ్ళు కూడా 2025 జూలై నుంచి దేశం దాటాలంటే యజమాని ఆమోదంతో ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. మిగతా దేశాలు వదిలేస్తున్న పద్ధతిని ఇక్కడ మళ్ళీ తెచ్చారు. ఇంట్లో ఏదైనా జరిగి రాత్రికి రాత్రి బయల్దేరాల్సి వస్తే ఇది ఎంత ఇబ్బందో ఆలోచించుకోండి.

గది గురించి కూడా ముందే అడగండి. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులు ఉంటున్న భవనానికి నిప్పంటుకుని నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు, వాళ్ళలో ఆంధ్రప్రదేశ్ వాళ్ళూ ఉన్నారు. గదికి ఎంతమంది, మెట్లకు తాళం వేస్తారా, గ్యాస్ సిలిండర్లు ఎక్కడ పెడతారు అని అక్కడ ఉంటున్న మనిషిని అడగడానికి మొహమాటం వద్దు.

ఇంత చెప్పినా, కడప జిల్లా నుంచి, కోనసీమ నుంచి కువైట్ వెళ్ళి ఇల్లు కట్టుకుని పిల్లల్ని చదివించుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. నమ్మకమైన బంధువు పనిచేస్తున్న కంపెనీలోనే 18 వీసా వస్తే వెళ్ళండి. తెలియని ఏజెంటు, తెలియని ఇల్లు అయితే మాత్రం వద్దు.

## ఒమాన్

ప్రశాంతమైన దేశం, మనుషులు నెమ్మది, జీతాలు మిగతావాటికన్నా తక్కువ. చాలా వృత్తులను ఒమానీలకే కేటాయించారు, ఆ జాబితా పెరుగుతూనే ఉంది. 2028 జనవరి నుంచి ఆదాయపు పన్ను రాబోతోంది, కానీ అది ఏడాదికి 42,000 రియాళ్ళు దాటినవాళ్ళకే కాబట్టి కొత్తవాళ్ళకు తగలదు. ఆసుపత్రి, స్కూలు ఉద్యోగాలకు మంచి చోటు, మిగతావాళ్ళు యూఏఈలో దొరకనప్పుడు చూడొచ్చు. పక్కనే ఉన్న బహ్రెయిన్ మరీ చిన్నది, అక్కడ చేతిలో ఆఫర్ ఉంటే తప్ప వెతుక్కుంటూ వెళ్ళే చోటు కాదు.

## మీరెవరు అన్నదాన్ని బట్టి

ఐటీఐ చదివిన ఎలక్ట్రీషియన్, ఏసీ టెక్నీషియన్: కంపెనీ వీసాతో సౌదీ, లేదా ఖతార్. ముందు ఇక్కడే ఒక ఏడాది పనిచేసి చేయి తిరగనివ్వండి, హెల్పర్‌గా కాకుండా టెక్నీషియన్‌గా దిగుతారు. మొదటి కాగితం మీద పడిన వృత్తి పేరు చాలాకాలం వెంటాడుతుంది.

బీటెక్ సివిల్, మెకానికల్: కాలేజీ నుంచి నేరుగా వెళ్ళొద్దు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో రెండేళ్ళు సైటు చూసి, తర్వాత యూఏఈకి వెళ్ళండి. ఫ్రెషర్‌గా వెళ్తే సూపర్‌వైజర్ పేరుతో ఫోర్‌మన్ పని, ఆ జీతమే దొరుకుతుంది. ఆ జీతం నుంచి పైకి రావడం కష్టం, ఎందుకంటే తర్వాతి కంపెనీ పాత జీతం ఎంతని అడుగుతుంది.

బీకాం, ఎంబీఏ, ఐటీ: యూఏఈ. రెండో ఆలోచన అక్కర్లేదు.

నర్సులు: చాలాచోట్ల రెండేళ్ళ అనుభవం, ప్రోమెట్రిక్ (లైసెన్సు కోసం రాసే) పరీక్ష, డేటాఫ్లో సర్టిఫికెట్ల తనిఖీ కావాలి. సౌదీ ప్రభుత్వ ఆస్పత్రుల్లో హాస్టల్ గది ఇస్తారు, మిగులు బాగుంటుంది. కుటుంబంతో ఉండాలంటే యూఏఈ మేలు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ద్వారా వచ్చే ప్రకటనలు ముందు చూడండి. ప్రైవేటు ఏజెంటు కన్నా అవే నయం.

ఇంటి పనికి వెళ్ళాలనుకునే అక్కచెల్లెళ్ళు: ఈసీఆర్ పాస్‌పోర్టు (పదో తరగతి పాసవ్వనివాళ్ళకు వచ్చేది, పనికి వెళ్ళేముందు ప్రభుత్వ క్లియరెన్స్ కావాలి) ఉన్న మహిళలకు 30 ఏళ్ళు నిండితేనే మన ప్రభుత్వం అనుమతి ఇస్తుంది. విజిట్ వీసా మీద దుబాయ్‌కి తీసుకెళ్ళి అక్కడి నుంచి వేరే దేశానికి పంపుతామనే మాట ఎవరన్నా చెప్తే అది అమ్మకమే అనుకోండి, పోలీసులకు చెప్పండి. కెరీర్ మొదలుపెట్టే వయసులో ఈ పనికి గల్ఫ్ వెళ్ళమని నేను ఎవరికీ చెప్పను.

## డబ్బు కట్టకముందు

పదో తరగతి పాసైతే ఈసీఎన్‌ఆర్ పాస్‌పోర్టు వస్తుంది. లేకపోతే ఈసీఆర్, అప్పుడు మన ప్రభుత్వ సైటు ఈ-మైగ్రేట్ ద్వారా క్లియరెన్స్ తప్పనిసరి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో అదే సైట్లో చూడొచ్చు. లైసెన్సు ఉన్న ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. లక్ష అడిగాడంటే చట్టం దాటినట్టే, రసీదు ఇవ్వనంటే ఇక లేచి వచ్చేయండి. సొంతంగా పని వెతుక్కునే "ఆజాద్ వీసా" అనేది ఏ దేశ చట్టంలోనూ లేదు. ప్రవాసీ భారతీయ బీమాకు రెండేళ్ళకు 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. ఈసీఎన్‌ఆర్ వాళ్ళకు తప్పనిసరి కాకపోయినా తీసుకోండి.

మెడికల్‌కు వెళ్ళేముందు మీ ఊరి దగ్గరే ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి. ఎప్పుడో చిన్నప్పుడు వచ్చి తగ్గిపోయిన టీబీ మచ్చ ఉన్నా అన్‌ఫిట్ అంటారు. ఏజెంటుకు డబ్బు కట్టాక ఆ సంగతి తెలిస్తే ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవడం నరకం.

సర్టిఫికెట్ల విషయంలో సౌదీ, ఒమాన్‌లకు మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర సరిపోతుంది, ఎందుకంటే ఆ ముద్రను ఒప్పుకునే హేగ్ ఒప్పందంలో ఆ రెండూ ఉన్నాయి. యూఏఈ, ఖతార్, కువైట్‌లకు ఎంబసీ అటెస్టేషన్ కూడా కావాలి, దానికి వారాలు పడుతుంది. ఏ దేశమో తేలకపోయినా రాష్ట్రస్థాయి అటెస్టేషన్ ముందే చేయించి పెట్టుకోవచ్చు.

చివరగా, ఎప్పుడు బయల్దేరాలి? సెప్టెంబర్ మూడో వారంలోగా వెళ్తే ఆ ఏడాదికే ఎన్‌ఆర్‌ఐ హోదా వస్తుందని కొందరు తొందరపెడతారు. మొదటి జీతం తీసుకునేవాళ్ళలో చాలామందికి ఇక్కడ కట్టాల్సిన పన్నే ఉండదు, ఆ తొందర అనవసరం. బయట పని అయితే అక్టోబర్ నుంచి ఫిబ్రవరి మధ్య చేరేలా కంపెనీని అడగండి. ఒళ్ళు అలవాటు పడ్డాక వేసవి వస్తుంది. కుదరక జూన్‌లోనే దిగాల్సి వస్తే మొదటి రెండు వారాలు పూర్తి షిఫ్టు బరువు పని ఒప్పుకోకండి. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో అరగంటకో నీళ్ళు తాగండి. మూత్రం ముదురు రంగులోకి మారితే, తల తిరిగితే, చెమట ఆగిపోతే వెంటనే పని ఆపి నీడలోకి వెళ్ళి పక్కవాణ్ణి పిలవండి.